ఆకులో దాగిన పసుపు

పిల్లలూ! కంచంలో ఆకుకూర కనబడగానే మూతి ముడుచుకునేవాళ్లు మీలో ఎంతమంది? "ఆకులు మేకలు తినేవి కదా!" అనుకునేవాళ్లు కూడా ఉంటారు. ఈ నెల ఆ ఆకుల సంగతే చెప్పుకుందాం.

ఆకుకూర ఒక్కటే తిని ఎవరూ బతకలేరు. పాలకూరలో నూటికి 90 పాళ్లు నీరే. మీరు ఆడటానికి, పరుగెత్తటానికి కావలసిన శక్తి అన్నం, రొట్టెల వల్ల వస్తుంది. ఒళ్లు ఎదగటానికి కావలసిన మాంసకృత్తులు పప్పు, పాలు, గుడ్లలో ఉంటాయి. మరి ఆకుకూర చేసే పని ఏమిటి?

కొందరు పిల్లలకు పగలు చక్కగా కనిపిస్తుంది. పొద్దు గుంకితే మాత్రం గడప తట్టుకుని పడతారు, ఎదురుగా ఉన్న మంచినీళ్ల గ్లాసు కోసం తడుముకుంటారు. దీన్నే రేచీకటి అంటారు. మసక వెలుతురులో చూడటానికి కంటి లోపలి పొరలో ఒక రంగు పదార్థం ఉండాలి. అది తయారు కావటానికి 'ఎ' విటమిను కావాలి. కంటి పొరలో ఈ విటమిను ఉన్నదని జార్జి వాల్డ్ అనే శాస్త్రజ్ఞుడు 1933లో కనుగొన్నాడు. 1967లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

'ఎ' విటమిను మరీ తగ్గితే కన్ను పొడిబారి, నల్లగుడ్డు పాడై, చూపే పోవచ్చు. ఇలా చూపు పోగొట్టుకున్న పసివాళ్లు మన దేశంలో ఎందరో ఉండేవారు. అందుకే చిన్న పిల్లలకు ఆరు నెలలకొకసారి ఈ విటమిను మందు పోసే పథకం 1970లో మొదలైంది.

ఆకుల్లో 'ఎ' విటమిను నేరుగా ఉండదు. కెరోటిన్ అనే పసుపు పదార్థం ఉంటుంది. దాన్ని మన శరీరం 'ఎ' విటమినుగా మార్చుకుంటుంది. "పచ్చని ఆకులో పసుపు ఎక్కడిది?" అంటారా? పండుటాకును చూడండి. ఆకు పండేటప్పుడు పచ్చరంగు విరిగిపోతుంది. దాని చాటున అంతవరకూ దాగిన పసుపు అప్పుడు బయటపడుతుంది. కెరోటిన్ ఆ పసుపు రంగుల కుటుంబంలోదే. తోటకూర, మునగాకు, పాలకూర, మెంతికూర వంటి ముదురు పచ్చని ఆకుల్లో అది ఎక్కువ. తెల్లటి క్యాబేజీలో బహు తక్కువ.

కెరోటిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. క్యారట్ తురుము వేయిస్తే నూనెకు నారింజ రంగు పట్టటం మీ అమ్మగారు చూసే ఉంటారు. కాబట్టి తోటకూర పప్పుకు పెట్టే పోపు రుచికి మాత్రమే కాదు. ఆ కొద్ది నూనె వల్లనే కెరోటిన్ ఒంటికి బాగా పడుతుంది. అన్నం, పప్పు, ఆకు, నూనె – నాలుగూ ఒక్క ముద్దలో కలిశాయి, చూశారా!

'సి' విటమిను మాత్రం నీటిలో కరిగిపోతుంది. అందుచేత ఆకును ముందు కడిగి, తరువాత తరగాలి. ఉడికించిన నీళ్లు పారబోయకూడదు. తినేటప్పుడు నిమ్మకాయ పిండుకుంటే, ఆకులో ఉన్న ఇనుము కూడా ఒంటికి పడుతుంది.

మీ తమ్ముడో చెల్లెలో చీకటి పడగానే తడబడుతుంటే, "చూసి నడవలేవా?" అని కసరకండి. వెంటనే పెద్దవాళ్లతో చెప్పండి. ఆకుకూర పెడుతున్నాం కదా అని ఊరుకోకుండా వైద్యుడికి చూపించాలి. రేచీకటి రాకముందే వారానికి నాలుగైదు రోజులు ఆకుకూర తినటం అన్నిటికన్నా మేలు. పెరట్లో మునగచెట్టు ఉన్న ఇంట్లో దానికి కానీ ఖర్చు కూడా లేదు!