కాదనగల మనిషి

నెల కిందట సిరిసిల్ల నుంచి మా మేనల్లుడు వచ్చాడు. ఇచ్చిన చాయ్ చేతిలోనే చల్లారిపోయింది. వీడి మనసులో ఏదో వున్నదనుకున్నాను.

"అత్తమ్మా, సరుకు చూసుకునేతందుకు ఓ పెద్ద మేనేజరును పెట్టుకుందామనుకుంటున్నం. జీతం తలుసుకుంటెనే దడ పుడుతున్నది. మనిషి మంచోడో కాదో ఎట్ల తెలుస్తది?" అన్నాడు.

వాడూ, మరో ముగ్గురు ఆసాములూ కలిసి అరవై సాంచాలు నడుపుతున్నారు. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు మొదలుపెట్టాక కొన్నేళ్లపాటు ఏం నెయ్యాలన్న బెంగ లేకపోయింది. రంగు చెప్పేదీ వాళ్లే, కొనేదీ వాళ్లే. 2024లో ఆ ఆర్డరు రాలేదు. ఎన్నో షెడ్లలో సాంచాల చప్పుడు ఆగింది. తరువాత మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చి కొంత ఊపిరి పోసిందనుకోండి. కాని ఒక్క గుమ్మాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో అందరికీ తెలిసివచ్చింది. అందుకే వీళ్లు సొంత పేరుతో చీరలు అమ్మాలని బయలుదేరారు.

ఈ 'ప్రాడక్ట్ మేనేజరు' అన్న మాట కంప్యూటరు కంపెనీలలో పుట్టిందని చాలామంది అనుకుంటారు. కాదు సుమా! దాని మూలం సబ్బుల కంపెనీలో వుంది. 1931లో అమెరికాలో ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీలో నీల్ మెకెల్రాయ్ అనే ఉద్యోగి, ఒక్కొక్క సబ్బు మంచిచెడ్డలన్నీ చూసే బాధ్యత ఒక్కొక్కరికి అప్పగించాలని పైవాళ్లకు మూడు పేజీల చీటీ రాశాడు. ఆ ఆలోచనే పెరిగి పెద్దదయింది. ఏ సరుకు చెయ్యాలి, ఎవరి కోసం చెయ్యాలి, ఏది మానెయ్యాలి – ఈ మూడూ తేల్చేవాడే ఆ మనిషి.

జగిత్యాల పక్కన పొలాస పరిశోధనా స్థానంలో 'జగిత్యాల సన్నాలు' అనే వరి రకం తయారయింది. ఉల్లికోడును తట్టుకునే పైరు రైతుకు కావాలి. సన్న బియ్యం తినేవాడికి కావాలి. ఒకే గింజలో రెండూ కుదిరాయి. చీరకూ అంతే. సాంచ మీద ఏది సాగుతుందో తెలియాలి, కట్టుకునే మనిషికి ఏది నచ్చుతుందో తెలియాలి. ఒక్కవైపే చూసేవాడికి పెద్ద జీతం దండుగ.

అందుకని మేనల్లుడికి నాలుగు మాటలు చెప్పాను. మొదటిది, మనుషులను పిలవకముందే, ఏడాది తిరిగేసరికి ఏ పని పూర్తికావాలో కాగితం మీద రాసుకో. లేకపోతే బాగా మాట్లాడినవాడే గొప్పవాడనిపిస్తాడు. రెండోది, వచ్చిన అందరినీ ఒకే ప్రశ్నలు అడుగు. ముఖ్యంగా, 'నీవు మొదలుపెట్టి మానేసిన సరుకేది? ఎందుకు మానేశావు?' అని అడుగు. మూడోది, అతని పై అధికారిని కాదు, అతని కింద పనిచేసినవాళ్లను విచారించు. నాలుగోది, ఒక రోజు కూలి ఇచ్చి పని చేయించి చూడు.

"మీలోనే ఎవరైనా వున్నారేమో చూశావా?" అని కూడా అడిగాను. మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్టులో చేరి, 2014లో దానికి అధిపతి అయ్యాడు. ఇరవై రెండేళ్లు లోపలే పనిచేసిన మనిషి!

మొన్న ఆదివారం మేనల్లుడు మళ్లీ వచ్చాడు. ఈసారి చాయ్ వేడిగానే తాగాడు.

ముగ్గురిని కోరుట్లలో తెలిసినవాళ్ల బట్టల దుకాణంలో ఒక్కొక్క రోజు కూర్చోబెట్టాడట. మొదటివాడు హైదరాబాదులో పెద్ద కంపెనీలో చేసినవాడు. దుకాణం ఎలా సర్దాలో సాయంత్రందాకా షావుకారుకే పాఠం చెప్పాడు. రెండో మనిషి వాళ్ల షెడ్డు సూపర్‌వైజరు. తిరిగివచ్చిన చీర అంచు చూడగానే తప్పు ఏ సాంచదో చెప్పాడు గాని, కొనేవాళ్లను ఒక్క మాటా అడగలేదు. మూడో ఆమె పదేళ్లుగా దుకాణాలకు చీరలు ఎంపిక చేసిన మనిషి. ఆడవాళ్లు తీసుకున్న చీర కాక, చేతిలోకి తీసుకుని పక్కన పెట్టిన చీర చూసింది. ఎందుకు పెట్టారో మెల్లగా అడిగింది. కుచ్చిళ్లు నిలవడంలేదన్నారు కొందరు, జాకెట్టు ముక్క రంగు కలవలేదన్నారు కొందరు. అన్నీ రాసుకుని, "మీ ఏడు రకాల్లో మూడు ఆపెయ్యండి" అన్నదట.

"అండ్ల ఒకటి బాపు పెట్టిన అంచు, అత్తమ్మా" అన్నాడు వాడు తల వంచుకుని.

నాకూ గుండె చివుక్కుమన్నది. వాడి బాపు అంటే మా అన్నయ్య. ఆ అంచు చీర ఇప్పటికీ నా పెట్టెలో వుంది. కాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు.

"ఆ చీర కడుతున్నవా అత్తమ్మా?" అన్నాడు.

కట్టడం మానేసి ఎన్నో ఏళ్లయింది. దాచుకోవడం వేరు, కట్టుకోవడం వేరు. ఆమె చూసింది అదే!

"ఇన్నాళ్లూ ఆమెను పరీక్షించావు. ఇక పరీక్ష నీకు. కాదనగల మనిషిని తెచ్చుకుని, కాదన్న రోజున నీవు వినకపోతే, ఆ జీతంతో సూపర్‌వైజరుకు, కార్మికులకు కూలి పెంచడమే మేలు" అన్నాను.

ఆమెను ఖాయం చేశారు. సాంచాల సంగతి ఆమెకు నేర్పే బాధ్యత సూపర్‌వైజరుది. అతన్ని దుకాణాలకు తిప్పే బాధ్యత ఆమెది. ఏ రకం ఆపాలన్నా ఆఖరు మాట ఆమెదేనని నలుగురు ఆసాములూ సంతకాలు పెట్టారు. మా అన్నయ్య అంచు వచ్చే నెల నుంచి ఆగిపోతుంది.

పెట్టెలోని చీర తీసి నిన్న ఎండలో ఆరవేశాను. మంచి అంచే. కాని అరవై సాంచాలు దాని మీద బతకలేవు కదా!