ట్యూబులో గడ్డ కట్టింది... ఒంట్లో కాదు!

మా మన్నెగూడలో తెల్లారితే చాలు, భుజానికి బ్యాగు తగిలించుకుని బైకుల మీద తిరిగే శాంపిల్ కుర్రాళ్లు కనిపిస్తారు. సాగర్ రోడ్డు పొడవునా కాలనీలు పెరిగాయి. ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్లడం పాలప్యాకెట్ వేసినంత మామూలైంది. మంచిదే. కానీ ఆ మామూలు పనిలో ఒక్క నిమిషం అజాగ్రత్త ఇంటిల్లిపాదినీ ఎంత భయపెడుతుందో ఒక ల్యాబ్ డాక్టరుగా తరచూ చూస్తుంటాను.

పోయిన వానాకాలం మా పక్కింటి అమ్మాయి పరుగున వచ్చింది. ‘‘అక్కా, మా అత్తమ్మ రక్తం గడ్డ కట్టిందని ల్యాబు నుంచి ఫోన్ చేసిన్రు. మళ్లీ ఇయ్యాలంట. గుండెకేమన్న అయితదా? మామయ్య వేసుకునే ఆస్పిరిన్ ఇంట్ల ఉంది, ఒకటి ఇయ్యాల్నా?’’ అంది. పెద్దావిడకు నాలుగు రోజులుగా జ్వరం. డెంగీ అనుమానంతోనే సీబీపీ రాశారు. డెంగీలో ఆస్పిరిన్ వేస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ‘‘ఆ గోలీ ముట్టుకోవద్దు. గడ్డ కట్టింది ట్యూబులో, ఒంట్లో కాదు’’ అని చెప్పి పంపాను. ఆమె నా దగ్గరికి రాకుండా నేరుగా మందుల డబ్బా తెరిచి ఉంటే?

అసలు సంగతి ఇది. ఒంట్లోంచి బయటికి వచ్చిన రక్తం గడ్డ కట్టడం దాని సహజ గుణం. కూరగాయలు తరిగేటప్పుడు తెగిన వేలి నుంచి కారే రక్తం కాసేపటికి ఆగేది అందుకే. అలా గడ్డ కట్టడానికి రక్తంలోని కాల్షియం కావాలి. సీబీపీకి వాడే ఊదా రంగు మూత ట్యూబు గోడలకు ఈడీటీఏ అనే రసాయనం పూతగా ఉంటుంది. అది కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. కాబట్టి రక్తం ద్రవంగానే నిలుస్తుంది. అయితే మందు గోడకు, రక్తం మధ్యలో ఉంటే పని జరగదు. తీసిన వెంటనే ట్యూబును మెల్లగా ఎనిమిది నుంచి పదిసార్లు తలకిందులు చేయాలి. గట్టిగా కుదిపితే ఎర్రకణాలు పగిలిపోతాయి. అది మరో తలనొప్పి.

ఈ ఒక్క పని మరిచిపోవడమే చాలాసార్లు గడ్డకు కారణం. ఇంకా ఉన్నాయి. నరం దొరక్క సూదిని అటూ ఇటూ కదిపినా, రక్తం చుక్కచుక్కగా వచ్చినా ట్యూబులోకి చేరేలోపే గడ్డ మొదలవుతుంది. సిరంజితో తీసి, తర్వాత తీరిగ్గా ట్యూబులో పోసినా అంతే. గీత దాటి నింపితే ఉన్న మందు చాలదు. పసిపిల్లల్లో, వృద్ధుల్లో, జ్వరంతో నీరసించినవారిలో ఈ ఇబ్బంది ఎక్కువ.

అన్ని ట్యూబులూ ఒకటి కావు. ఎర్ర మూత ట్యూబులో రక్తం గడ్డ కట్టాలనే పెడతారు. పైన తేలిన సీరమ్‌తోనే పరీక్షలు చేస్తారు. లేత నీలం మూతది పీటీ-ఐఎన్ఆర్ కోసం. అందులో తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ ఉండాలి కాబట్టి గీత వరకు కచ్చితంగా నింపాలి. బూడిద రంగుది షుగర్ పరీక్షకు. ఊదా ట్యూబులో రక్తం ఎక్కువైందని ఎర్ర ట్యూబులో వంచితే పొటాషియం లేనంత ఎక్కువగా, కాల్షియం తక్కువగా కనిపిస్తాయి.

గడ్డ ఉన్న శాంపిల్‌ను అలాగే యంత్రంలో పెడితే ఏమవుతుంది? గడ్డలో ప్లేట్‌లెట్లు చిక్కుకుపోతాయి. లక్షన్నర ఉన్నవారికీ ముప్పై వేలని రావచ్చు. జ్వరాల కాలంలో ఆ అంకె చూసి ఇంట్లో ఏడుపులు, ఆసుపత్రికి పరుగులు, రక్తదాతల కోసం వాట్సప్ గ్రూపుల్లో మెసేజీలు! అందుకే అనుమానం వస్తే టెక్నీషియన్లు ట్యూబులో సన్నని పుల్ల తిప్పి గడ్డ ఉందేమో చూస్తారు. ఉంటే పక్కన పెట్టి ఫోన్ చేస్తారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మళ్లీ శాంపిల్ అడిగిన ల్యాబును తిట్టకండి. అనుమానించాల్సింది గడ్డ చూసీ రిపోర్టు ఇచ్చేసే ల్యాబును. ‘తప్పు వాళ్లది, రెండో పోటు మాకా?’ అనే కోపం న్యాయమే. ఆ కోపానికి జవాబు చెప్పాల్సింది ల్యాబులే. ‘రక్తం గడ్డ కట్టింది’ అని పొడిగా చెప్పి ఫోన్ పెట్టేయడం సరికాదు. ‘శాంపిల్ తీయడంలో లోపం జరిగింది, ఇది జబ్బు కాదు, మళ్లీ డబ్బులు కట్టక్కర్లేదు’ అని చెప్పాలి. పొద్దున మూడు గంటల్లో లెక్కకు మించి ఇళ్లు తిరగమని కుర్రాడిని తరిమితే, ట్యూబును పదిసార్లు తిప్పే తీరిక అతడికి ఎక్కడిది?

ఇది ప్రైవేటు ల్యాబుల సంగతి మాత్రమే కాదు. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం ఆవరణలో 2018లో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లోనూ పద్ధతి అదే. బస్తీ దవాఖానాల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీసిన రక్తం బండెక్కి పెద్ద ల్యాబుకు చేరుతుంది, పరీక్ష ఉచితంగా జరుగుతుంది. ల్యాబులో ఎంత ఖరీదైన యంత్రమున్నా సూది తీసిన తొలి నిమిషంలో జరిగిన తప్పును దిద్దలేదు. కాబట్టి యంత్రాల మీద పెట్టినంత శ్రద్ధ రక్తం తీసేవారి శిక్షణ మీదా పెట్టాలి.

మన వంతుగా చేయగలిగినవీ ఉన్నాయి. పరగడుపు పరీక్షకైనా డాక్టరు వద్దనకపోతే మంచినీళ్లు తాగవచ్చు. నరం తేలిగ్గా దొరుకుతుంది. ‘త్వరగా కానివ్వు బాబూ, ఆఫీసుకు టైమైంది’ అని తొందరపెట్టకండి. ట్యూబు మీద పేరు మీ ముందే రాయించండి. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే చెప్పండి. మనిషి తేలిగ్గా తిరుగుతున్నా ప్లేట్‌లెట్లు మరీ తక్కువని వస్తే, డాక్టరును అడిగి స్లైడు మీద చూసి నిర్ధారించమనండి. కొద్దిమందిలో ఈడీటీఏ వల్లే ప్లేట్‌లెట్లు గుంపు కట్టి, యంత్రానికి తక్కువగా కనిపిస్తాయి. వాళ్లకు సిట్రేట్ ట్యూబులో మళ్లీ లెక్కిస్తారు.

పక్కింటి పెద్దావిడ ఆ సాయంత్రమే మళ్లీ రక్తం ఇచ్చింది. ఈసారి వచ్చిన అమ్మాయి ట్యూబును మెల్లగా తిప్పుతుంటే ఆమె పైకే లెక్కపెట్టిందట. పది వచ్చాకే చెయ్యి మడిచిందట. ప్రతి ఇంట్లోనూ అలా లెక్కపెట్టే పెద్దమ్మ ఒకరుంటే మా ల్యాబుల నుంచి వెళ్లే ఫోన్లు సగం తగ్గుతాయి.