చివర్లో అన్నీ తేలిపోవు

‘గూఢచారి’ సినిమా మా ఇంట్లో ఎన్నిసార్లు ఆడిందో లెక్కలేదు. 2018 ఆగస్టులో విడుదలైన వారంలోనే కోదాడ వెళ్లి థియేటర్లో చూశాం. అప్పటి నుంచి మా అబ్బాయికి ఆ సినిమా అంటే ప్రాణం. మొన్న ఆదివారం మళ్లీ పెట్టాడు. ఎంతో ఆశపడి త్రినేత్ర అనే గూఢచారి సంస్థలో చేరిన కుర్రాడిని సొంత సంస్థే ద్రోహి అనుకుని వేటాడే ఘట్టం వచ్చింది. నేను లేచి వంటింట్లోకి పోబోయాను. ఆ ఘట్టం వచ్చినప్పుడల్లా లేచిపోతాను.

“కూర్చోమ్మా, ఏం కాదు. చివర్లో అంతా తేలిపోతుంది” అన్నాడు.

వాడు చెప్పింది సినిమా గురించి. నేను లేచింది మా నాన్న గుర్తొచ్చి.

మాది మఠంపల్లి. హుజూర్‌నగర్ నుంచి వచ్చే రోడ్డు మీద సిమెంటు లారీలు, సాగర్ ఎడమ కాలువ కింద వరి, అటు పోతే మట్టపల్లి నరసింహస్వామి గుడి, దాని పక్కనే కృష్ణమ్మ, ఆవలి ఒడ్డున పల్నాడు. నేనిక్కడ మందుల షాపు నడుపుతున్నాను. నాన్న ఇక్కడే ఆర్‌ఎంపీగా బతికాడు. సూదులు మరగబెట్టే స్టీలు డబ్బా, ఒక తోలు సంచి, ఒక లూనా బండి ఆయన ఆస్తి. అర్ధరాత్రి ఎవరు తలుపు కొట్టినా లేచేవాడు. తలుపు తీస్తూనే “ఏమైంది?” అని అడిగేవాడు.

1992లో నక్సలైట్ల పార్టీ పీపుల్స్ వార్ మీద నిషేధం వచ్చింది. వాళ్లనే ఊళ్లో అన్నలనేవాళ్లు. ఆ మరుసటి ఏడు చలికాలం, నాకు పదకొండేళ్లు. ఒక రాత్రి ఇద్దరు వచ్చారు. ఒకతని ముంజేయి చీరుకుపోయి ఉంది. కరెంటు లేదు, లాంతరు నేనే పట్టుకున్నాను. నాన్న ఏడు కుట్లు వేశాడు. అమ్మ పెట్టిన అన్నం తిని తెల్లారకముందే వాళ్లు వెళ్లిపోయారు. వాళ్లెవరో మేం అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

మూడో రోజు పోలీసు జీపు వచ్చింది. నాన్నను తీసుకెళ్లి పొద్దుగూకేదాకా బల్ల మీద కూర్చోబెట్టారు. అన్నలకు మందులెవరు అందిస్తున్నారని అడిగారు. రాత్రి ఏడింటికి పంపేశారు. ఒంటి మీద చెయ్యి పడలేదు. అమ్మ సంతోషంతో కొబ్బరికాయ కొట్టింది. పది రోజులకు ఒక గొర్రెల కాపరి అన్నల కబురు మోసుకొచ్చాడు: “అందర్నీ కొట్టి పంపేటోళ్లు నిన్నొక్కన్నే ఎట్ల ఇడిచిపెట్టిన్రు? ఏం చెప్పి వచ్చినవ్? సోంచాయించుకొని జవాబియ్యమన్నరు.”

దెబ్బలు తినకుండా ఇంటికి రావడమే ఆయన చేసిన నేరానికి సాక్ష్యమైంది. పోలీసులకు ఆయన అన్నల మనిషి. అన్నలకు పోలీసుల మనిషి. ఊరికి రెండూ.

అప్పటిదాకా సాయంత్రమైతే మా అరుగు మీద చోటుండేది కాదు. ఆ తర్వాత ఒక్కరూ మా గడప తొక్కలేదు. జ్వరమొచ్చినా బస్సెక్కి మిర్యాలగూడ పోయారు. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల వాళ్లమ్మ చెప్పిందని బెంచీ మారింది. ఇల్లు గడవక అమ్మ మిరప కోతకు కూలికి పోయింది. “బావా, మిర్యాలగూడ వచ్చెయ్, మా వాడకట్టులోనే ఇల్లు చూస్త” అని మేనమామ బతిమాలాడు. “పోతే నిజమే అనుకుంటరు” అన్నాడు నాన్న. ఎనిమిది నెలల పాటు రోజూ పొద్దున్నే సూదులు మరగబెట్టి కూర్చుని, చీకటి పడ్డాక సంచి సర్దుకున్నాడు.

నీ మీద అనుమానం తీరిందని ఎవరూ వచ్చి చెప్పలేదు. ఒక రాత్రి వీధి చివర ముసలమ్మ తేలు కుట్టిన మనవణ్ని చంకనేసుకుని వచ్చింది. “డాక్టరూ, ఎవరేమన్న అనుకోనియ్యి, పోరడు తన్నుకులాడుతుండు” అంది. మర్నాడు ఇంకో ఇద్దరు వచ్చారు. అట్లా ఊరు మళ్లీ మా ఇంటికి నడిచి వచ్చింది. నిజం తేలిన రోజంటూ మా ఇంట్లో లేదు.

అందుకే మన గూఢచారి సినిమాల గురించి నాకో మాట ఉంది. 1966లో కృష్ణ ‘గూఢచారి 116’ వచ్చిన నాటి నుంచి తెలుగు ప్రేక్షకుడు గూఢచారిని నెత్తిన పెట్టుకున్నాడు. అడివి శేష్, దర్శకుడు శశికిరణ్ తిక్క తీసిన ‘గూఢచారి’ నాకూ ఇష్టమే. తండ్రి దేశం కోసం చనిపోయాడన్న గర్వంతో పెరిగిన కొడుకు మీద ద్రోహి ముద్ర పడటం, అసలు ద్రోహి ఆ తండ్రే కావడం మామూలు ఊహ కాదు. కానీ హీరో నిర్దోషి అని మనకు మొదటి నుంచీ తెలుసు. కెమెరా ఎప్పుడూ అతని పక్కనే ఉంటుంది. దాంతో ఆ అనుమానం మన గుండె మీద కూర్చోదు. బైకుల పరుగులో, అద్దాలు పగిలే చప్పుడులో కొట్టుకుపోతుంది. ముద్ర పడిన మనిషి ఇంట్లో ఆ రాత్రి ఎవరైనా అన్నం తిన్నారా అన్నది మన తెర మీద దాదాపు ఎప్పుడూ కనపడదు.

ఒక్క సినిమా మాత్రం నన్ను కుర్చీలో కట్టిపడేసింది. 2022 జూన్ 17న వచ్చిన వేణు ఊడుగుల ‘విరాట పర్వం’. పోలీసుల తరఫున వచ్చిందన్న అనుమానంతో దళం చేతిలోనే 1992లో ప్రాణం పోగొట్టుకున్న ఖమ్మం జిల్లా యువతి సరళ జీవితం దానికి ఆధారం. సాయిపల్లవి వేసిన వెన్నెలకు చివర్లో ఏదీ తేలదు. తాను నమ్మి వెతుక్కుంటూ వెళ్లినవాళ్లే ఆమెను నమ్మలేదు. చాలామంది ఆ సినిమా బరువుగా ఉందన్నారు. అనుమానం బరువు అంతే ఉంటుంది.

సరిగ్గా రెండు వారాలకు, జులై 1న, మాధవన్ ‘రాకెట్రీ’ వచ్చింది. అది ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ కథ. ఆయనను గూఢచర్యం కేసులో అరెస్టు చేసింది 1994 నవంబరు 30న. 50 రోజులు జైల్లో ఉన్నారు. ఆరోపణలు నిజం కాదని సీబీఐ 1996లోనే తేల్చింది. 50 లక్షల పరిహారం ఇవ్వాలని, తప్పు చేసిన అధికారుల సంగతి చూడటానికి కమిటీ వేయాలని సుప్రీంకోర్టు చెప్పింది 2018 సెప్టెంబరు 14న. అంటే మేం కోదాడలో ‘గూఢచారి’ చూసి చప్పట్లు కొట్టి వచ్చిన ఆరు వారాలకు. సినిమాలో హీరో మచ్చ రెండున్నర గంటల్లో పోయింది. నంబి నారాయణన్‌కు ఇరవై నాలుగేళ్లు పట్టింది. అప్పటికి ఆయన 76 ఏళ్ల మనిషి.

ఇది మన దగ్గరి జబ్బు మాత్రమే కాదు. 1964లో సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ నుంచి యూరీ నోసెంకో అనే అధికారి అమెరికాకు ఫిరాయించాడు. నమ్మించి మోసం చేయడానికి వాళ్లే పంపారేమోనని సీఐఏకు అనుమానం వచ్చింది. విచారణ లేకుండా మూడేళ్లకు పైగా బంధించి ఉంచింది. అతను చెప్పింది పొసగకపోతే అబద్ధమన్నారు, పొసిగితే బాగా నేర్చుకొచ్చాడన్నారు. చివరికి నిజమైన ఫిరాయింపుదారేనని ఒప్పుకుని, పరిహారమిచ్చి, తమ దగ్గరే సలహాదారుగా పెట్టుకున్నారు. అది చదివినప్పుడు నాకు గొర్రెల కాపరి మోసుకొచ్చిన ప్రశ్నే వినపడింది. కొట్టి పంపితే ఏదో దాచాడంటారు, కొట్టకుండా పంపితే అన్నీ చెప్పాడంటారు. అనుమానం ఒకసారి లోపలికి వచ్చి కూర్చున్నాక ఏ జవాబైనా దానికి మేతే.

అసలు ద్రోహులే లేరని నేననడం లేదు. బ్రిటిష్ గూఢచారి సంస్థలో ఏళ్ల తరబడి పెద్ద పదవుల్లో ఉంటూ సోవియట్లకు పనిచేసిన కిమ్ ఫిల్బీ 1963లో మాస్కోకు పారిపోయాడు. మన భువనగిరి నయీం నక్సలైట్ ఉద్యమంలో ఉన్నవాడే. తర్వాత ఎటు తిరిగాడో, ఎన్ని కేసుల్లో పేరు మోశాడో, 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో ఎన్‌కౌంటరయ్యాక రాష్ట్రమంతా చదివింది. రహస్యం మీద నడిచే ఏ పనిలోనైనా కన్ను తెరిచి ఉంచాలి. తెలంగాణ సాయుధ పోరాటం నాళ్లలో మా జిల్లా మల్లు స్వరాజ్యం రాజక్క పేరుతో తిరిగారు. ఆమె తల మీద పదివేల వెల ఉండేది. అలాంటివాళ్లకు బువ్వ పెట్టి నోరు విప్పని ఇళ్లు ఉండబట్టే ఆ పోరాటం 1951 దాకా సాగింది. అనుమానించడం తెలియాలి, నమ్మడమూ తెలియాలి. మన సినిమాలు మొదటిదాన్ని పండుగ చేశాయి, రెండోదాన్ని మర్చిపోయాయి.

ఇప్పుడు ఊళ్లో అన్నలు లేరు, జీపులూ రావు. అవతలి పక్షం మనిషని ముద్ర వేసే కోవర్టు అన్న మాట మాత్రం పోలేదు. పార్టీ టికెట్ల దగ్గర నాయకులు ఒకరినొకరు అనుకుంటారు. యూనియన్ ఎన్నికల్లో అంటారు. వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పెట్టి, కింద ఆ మూడక్షరాలు రాసి నిద్రపోతారు. రాసినవాడు పొద్దున్నే మర్చిపోతాడు. ఆ ఫొటోలోని మనిషి కూతురు బడికి పోవాలి. ఆమె పక్కన ఎవరు కూర్చుంటారో నాకు తెలుసు.

అందుకే సినిమా తీసేవాళ్లను చేతులు జోడించి అడుగుతున్నాను. రెండు పక్షాల మధ్య ఇరుక్కున్న గూఢచారి కథ రాస్తే, ఒక్క పావుగంట అతని ఇంట్లో కూర్చోండి. భార్య సరుకుల కొట్టుకు పోయినప్పుడు ఏమవుతుందో చూపించండి. అతను నిర్దోషో కాదో మాకూ తెలియనివ్వకండి. నమ్మాలా వద్దా అని మేమూ నలగాలి. అతను నిర్దోషి అని తేలాక, వేలెత్తి చూపినవాళ్లు వచ్చి అందరి ముందూ తప్పయిందని చెప్పే దృశ్యం ఒక్కటి తీయండి. ముద్ర ఎంత గట్టిగా వేశారో అంత గట్టిగా చెరపాలని మా పిల్లలు సినిమాలోనైనా నేర్చుకుంటారు.

చూసేవాళ్లం మనం చేయాల్సిందీ ఉంది. ఒకరి మీద ఆ మాట అనేముందు ఆధారమేంటో చెప్పాలి. అతని జవాబు వినాలి. తప్పని తేలితే అదే గ్రూపులో, అదే అరుగు మీద ఆ సంగతి చెప్పాలి. నాన్న బతికి ఉండగా ఒక్కరైనా వచ్చి ఆ మాట అంటారని చాలా ఏళ్లు ఎదురుచూశాను. ఆయన 2011లో పోయాడు.

ఆ ఆదివారం నేను వంటింట్లోకి పోలేదు. బీరువాలోంచి నాన్న పద్దు పుస్తకం తీసి మా అబ్బాయి చేతిలో పెట్టాను. తేదీ, పేరు, బాధ, మందు, పైసలు అని ఐదు గడులు గీసుకున్న పొడవాటి పుస్తకం. లాంతరు పట్టుకున్న రాత్రి దగ్గర, బాధ గడిలో ‘ముంజేయి గాయం, 7 కుట్లు’ అని ఉంది. పేరు గడి ఖాళీగా ఉంది. ఆ తర్వాత పేజీల్లో రోజూ తేదీ వేశాడు, ఒక్క రోజూ తప్పలేదు. తేదీ పక్కన నాలుగు గడుల్లోనూ ఏమీ లేదు. రెండు వందల పైచిలుకు తేదీల తర్వాత ఒక పిల్లవాడి పేరు, ‘తేలు కాటు’ అని ఉంది.

వాడు సినిమా ఆపేశాడు. ఖాళీ పేజీలు ఒక్కొక్కటే తిప్పుతూ, “ఇన్ని రోజులు ఎవ్వరూ రాలేదా అమ్మా?” అని అడిగాడు.