మొక్క నాటే చేతికి లెక్క అడిగే హక్కు కావాలి

ఏటా జూన్ 5న కాలేజీల్లో, పంచాయతీ ఆఫీసుల్లో ఒకటే తంతు. బ్యానర్ కడతారు, మొక్క నాటిస్తారు, ప్రతిజ్ఞ చేయిస్తారు, ఫొటో దిగుతారు. యువతే భూమిని కాపాడాలని వక్తలు చెబుతారు. ఆ వరసలో ఎస్సీ హాస్టల్ నుంచి వచ్చిన విద్యార్థి కూడా ఉంటాడు. మే నెలంతా అతని తల్లి ఉపాధి పనిలో మట్టి తట్టలు మోసి ఉంటుంది. వాళ్లది రేకుల ఇల్లు. రాత్రి పన్నెండైనా ఆ రేకుల కింద వేడి తగ్గదు. వాతావరణ మార్పు గురించి అతనికి తెలిసింది వేదిక మీద ఎవరికీ తెలియదు. కానీ అతన్ని ఎవరూ అడగరు.

వాతావరణ పోరాటానికి యువతే నాయకత్వం వహించాలన్న మాట ఇప్పుడు ప్రభుత్వాలకూ, అంతర్జాతీయ సదస్సులకూ, కంపెనీలకూ ఇష్టమైన మాట. మాటలో తప్పు లేదు. నాయకత్వం అంటే వాళ్లు ఏమనుకుంటున్నారన్నదే సమస్య. పారగడ్డ పట్టడం, ర్యాలీలో నడవడం, రీల్ చేయడం నాయకత్వం కాదు. అది ఉచిత శ్రమ. నిర్ణయంలో వాటా, నిధుల మీద నిఘా, అధికారిని లెక్క అడిగే హక్కు ఉంటేనే అది నాయకత్వం. ఈ మూడూ వాడ యువత చేతికి రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? మన రెండు రాష్ట్రాల్లో అందుకు దగ్గరి దారి ఎండ.

ఎండ అందరిదే, ఎండలో పని కొందరిదే

2015 మే నెల వడగాడ్పులకు దేశంలో 2 వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. ఆ వార్తలు చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: చనిపోయినవాళ్లలో ఎక్కువమంది కూలీలు, వృద్ధులు, ఇల్లూ నీడా లేనివాళ్లు.

కులం ఇక్కడ ఎలా వస్తుందో చెప్పడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. 2011 జనగణన ప్రకారం దేశంలో పనిచేస్తున్న ఎస్సీల్లో దాదాపు సగం మంది వ్యవసాయ కూలీలే. సొంత భూమి ఉన్న రైతు మధ్యాహ్నం పని ఆపి చెట్టు కిందికి పోవచ్చు. కూలికి పోయినవాళ్లు ఆపితే ఆ పూట కూలి పోతుంది. ‘మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బయటికి రావద్దు’ అని అధికారులు చేసే హెచ్చరిక, బయటికి రాకుండా బతకగలిగినవాళ్లకే పనికొస్తుంది.

వాతావరణ శాఖ లెక్క కూడా చూడండి. మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు, తీరంలో 37 డిగ్రీలు దాటి, సాధారణం కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వడగాడ్పు అంటారు. ఆ కొలత వాతావరణ కేంద్రంలో, నీడలో పెట్టిన థర్మామీటర్‌ది. రేకుల గదిలో ఎంత ఉందో, ఇటుక బట్టీ దగ్గర ఎంత ఉందో ఆ కొలత చెప్పదు.

లెక్కలోకి రాని చావు

వడదెబ్బ మరణాన్ని ధ్రువీకరించడానికి మండల స్థాయిలో త్రిసభ్య కమిటీ ఉంటుంది: తహసీల్దార్, వైద్యాధికారి, ఎస్సై. ముగ్గురూ నిర్ధారిస్తేనే అది వడదెబ్బ మరణం. అందుకు సాధారణంగా పోస్టుమార్టం కావాలి. పొలం నుంచి సాయంత్రం ఇంటికొచ్చి, తల తిరుగుతోందని పడుకుని, తెల్లారేసరికి చనిపోయిన మనిషి విషయంలో ఏం జరుగుతుంది? ఎండాకాలం శవాన్ని ఎక్కువసేపు ఉంచలేరు. ఆస్పత్రి దూరం. పోస్టుమార్టం అంటే బంధువులకు భయం. అదే రోజు మట్టి చేస్తారు. కాగితం మీద అది గుండెపోటో, వయోభారమో అవుతుంది. కుటుంబానికి పరిహారం రాదు. మండలంలో వడదెబ్బ మరణాలు సున్నా అని నివేదిక పైకి పోతుంది. సున్నా ఉన్న చోటికి వచ్చే ఏడు నిధులూ రావు.

తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు ఇచ్చే సాయాన్ని 50 వేల నుంచి 4 లక్షల రూపాయలకు పెంచింది. మంచి నిర్ణయమే. కానీ చావు ముందు లెక్కలోకి వస్తేనే కదా 4 లక్షలు వచ్చేది. ఉత్తర్వుకూ వాడకూ మధ్య ఉన్న ఆ దూరంలోనే యువత చేయాల్సిన పని ఉంది.

ప్రణాళికలో మనం ఎక్కడ?

2010 వేసవి మరణాల తర్వాత అహ్మదాబాద్ నగరం 2013లో దక్షిణాసియాలోనే తొలి వేడి నివారణ ప్రణాళికను తెచ్చింది. ఆ తర్వాత చాలా రాష్ట్రాలు, నగరాలు తమ తమ ప్రణాళికలు రాసుకున్నాయి. సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ 2023లో 18 రాష్ట్రాలకు చెందిన 37 ప్రణాళికలను పరిశీలించింది. ఎవరికి ముప్పు ఎక్కువ, వాళ్లు ఎక్కడున్నారు అని అంచనా వేసినవి వాటిలో రెండే. డబ్బు ఎక్కడి నుంచి తేవాలో మాట్లాడినవి 11.

అంటే ‘బలహీన వర్గాలు’ అన్న మాట ప్రణాళికల్లో ఉంటుంది, ఆ వర్గాలు ఏ వీధిలో ఉంటాయో ఉండదు. ఏ ఇంటికి రేకులు, ఏ ఇంట్లో మంచాన పడిన అవ్వ ఉంది, ఏ కుళాయికి మధ్యాహ్నం నీళ్లు రావు అన్నది కలెక్టరేట్‌కు తెలియదు. వాడలో పుట్టి పెరిగిన ఇరవై ఏళ్ల అమ్మాయికి తెలుసు. ఆమెకు తెలిసింది ప్రభుత్వ కాగితంలోకి ఎక్కించడమే వాతావరణ నాయకత్వానికి మొదటి మెట్టు.

వరదల్లోనూ ఇదే కథ. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, వాంబే కాలనీ ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే సమయంలో ఖమ్మంలో మున్నేరు ఒడ్డు కాలనీలు మునిగాయి. పేదలకు ఇళ్ల స్థలాలు పల్లంలో, వాగు పక్కన దొరకడం ప్రకృతి చేసిన పని కాదు. సాయం పంచేటప్పుడూ కులం పనిచేస్తుందని 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దళితులకు ఎదురైన వివక్షపై హక్కుల సంఘాలు నమోదు చేసిన సాక్ష్యాలు చెబుతున్నాయి.

ఊరు అమాయకమైనది కాదు

‘స్థానికంగా పనిచేయండి, ఊరే పరిష్కారం’ అని యువతకు శిక్షణ ఇచ్చే సంస్థలు చెబుతుంటాయి. ఇక్కడ ఆగి ఆలోచించాలి. గ్రామాన్ని ఆదర్శంగా చూపే వాదనను అంబేడ్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో తిప్పికొట్టారు. మహద్ చెరువు నీళ్ల కోసం 1927లో పోరాడాల్సి వచ్చిన మనిషికి ఊరంటే ఏమిటో తెలుసు. స్థానికం అంటే చాలాచోట్ల ఆధిపత్య కులాల చేతిలోని చెరువు, వాళ్ల చేతిలోని పంచాయతీ. వాడ ప్రస్తావన లేకుండా ‘గ్రామ వాతావరణ కమిటీ’ వేస్తే అది పాత పెత్తనానికి పచ్చ రంగు వేయడమే.

అయినా గ్రామసభను వదులుకోలేం. పద్దెనిమిదేళ్లు నిండి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ దానిలో సభ్యులే. ఎవరూ పిలవక్కర్లేదు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ జరగాలి. 2025 డిసెంబర్ ఎన్నికలతో అక్కడ కొత్త పాలకవర్గాలు వచ్చాయి. రిజర్వుడు స్థానాల్లో గెలిచిన ఎస్సీ సర్పంచులూ, వార్డు సభ్యులూ వాటిలో ఉన్నారు. వాళ్లను పెత్తందార్ల చేతి బొమ్మలు కాకుండా నిలబెట్టేది వెనక ఉండే యువతే.

అదే చట్టంలో ఇంకో సంగతి ఉంది. పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోతే సర్పంచ్ పదవికే ముప్పు. మొక్కకు ఇంత రక్షణ ఉండటం సంతోషమే. మరి ఎండకు పడిపోయిన కూలీ బతకకపోతే ఎవరి పదవికి ముప్పు? ఆ పది శాతంతో పెట్టే చెట్లు రోడ్డు పక్కన పెడతారా, కూలీలు అన్నం తినే చోట, వాడ కుళాయి దగ్గర పెడతారా? గ్రామసభలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

జహీరాబాద్ నేర్పేది

ఇది జరిగే పనేనా అన్న అనుమానానికి జహీరాబాద్ ప్రాంతంలో జవాబు ఉంది. అక్కడ 1980ల నుంచి డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత మహిళలు బీడు భూములను సాగులోకి తెచ్చారు. జొన్న, కొర్ర, సామ విత్తనాలను తమ ఇళ్లలోనే దాచుకున్నారు. 2008లో మాచనూరులో సొంత సంగం రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారికి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. వాన తక్కువైనా నిలబడే పంటల గురించి ప్రపంచం మాట్లాడటానికి చాలా ముందే వాళ్లు ఆ పంటలు పండించారు. ఆ మహిళలకు ఎవరో ఒకరోజు శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ చేతిలో పెడితే ఇది జరగలేదు. భూమి, విత్తనం, మైకు వాళ్ల చేతిలో ఉన్నాయి కాబట్టి జరిగింది. యువత నాయకత్వానికీ ఇదే కొలబద్ద.

ఈ వేసవిలో చేయగలిగినవి

ఒకటి, వాడ లెక్క. ఇంటింటికీ తిరిగి రేకుల ఇళ్లు, వృద్ధులు, గర్భిణులు, ఎండలో పనిచేసేవాళ్ల వివరాలు రాయండి. చవక థర్మామీటర్‌తో మధ్యాహ్నం, రాత్రి గది వేడి నమోదు చేయండి. ఆ జాబితా గ్రామసభ తీర్మానంలోకి ఎక్కాలి. మనుషుల వివరాలు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి.

రెండు, చావు లెక్క. ఎండలో పనిచేసి వచ్చి ఎవరైనా చనిపోతే ఆ గంటలోనే తహసీల్దార్‌కు, పీహెచ్‌సీకి రాతపూర్వకంగా తెలపండి. కుటుంబానికి తోడుండి పోస్టుమార్టం ఎందుకో వివరించండి. గతేడాది త్రిసభ్య కమిటీ ముందుకు ఎన్ని కేసులొచ్చాయి, ఎన్ని తిరస్కరించారు, ఎందుకు అని సమాచార హక్కు చట్టం కింద అడగండి.

మూడు, పని స్థలం. తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని 2005 ఉపాధి హామీ చట్టమే చెప్పింది. 2025 చివర్లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. చట్టం పేరు మారినా కూలీ దాహం మారదు. ఆ డిమాండ్ వదలొద్దు.

నాలుగు, నిధులు. 2013 నాటి ఎస్సీ ఉప ప్రణాళిక చట్టం ఆంధ్రప్రదేశ్‌లో, 2017 నాటి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెలంగాణలో ఎస్సీల జనాభా దామాషాలో నిధులు ఇవ్వాలంటున్నాయి. రేకుల ఇళ్లకు చల్లని పైకప్పు, వాడకు నీటి ట్యాంకు, పల్లపు కాలనీకి మురుగు కాలువ వీటి కింద ఎందుకు రావు? వాతావరణ నిధి ఎప్పుడో వస్తుందని చూసే ముందు మనకు రావాల్సినదాన్ని అడుగుదాం.

అడిగితే ఎదురు దెబ్బ ఉంటుంది. కూలికి పిలవడం మానేస్తారు, కిరాణా కొట్టులో అప్పు ఆపేస్తారు. సాంఘిక, ఆర్థిక బహిష్కరణ ఎస్సీ ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద నేరమని 2015 సవరణ స్పష్టం చేసింది. కాబట్టి ఒక్కరే వెళ్లకండి. మహిళా సంఘాన్నీ, కూలీ సంఘాన్నీ, ఒక న్యాయవాదినీ వెంట పెట్టుకోండి. సంస్థలు కూడా వాడ యువతతో సర్వే చేయించుకుని తమ పేరుతో నివేదిక వేసుకోవడం మానాలి. ఆ పనికి జీతం ఇవ్వాలి, ఆ సమాచారం మీద హక్కు వాళ్లకే ఉండాలి.

బట్టమేక పక్షి కేసులో సుప్రీంకోర్టు 2024లో ఇచ్చిన తీర్పు, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలోని 14, 21 అధికరణల్లోనే ఉందని గుర్తించింది. అంటే నీడ, నీరు, ఎత్తయిన నేల మీద ఇల్లు ఇకపై దయ కాదు, హక్కు. కోర్టు గుర్తించిన హక్కును గ్రామసభ మినిట్స్ పుస్తకంలోకి దించే పని మిగిలింది. ఆ పుస్తకం తెరిపించడానికి పెద్ద సదస్సుకు టికెట్ అక్కర్లేదు. వచ్చే గ్రామసభ తేదీ తెలుసుకుంటే చాలు.