సెకండ్ హ్యాండ్ డిస్కా, క్రాక్ కాపీనా: డెవలపర్‌ని ఎక్కువ ముంచేది ఏది?

మే నెలలో మా నూజివీడు ఊరంతా మామిడి వాసనే. ఇంటర్ రోజుల్లో నా సెలవులు మాత్రం తోటలో కాదు, పీఎస్2 సెంటర్‌లో గడిచాయి. చిప్ వేసిన కన్సోల్, మార్కర్‌తో పేరు రాసిన డిస్క్‌లు, గంటకి పది రూపాయలు. ఒరిజినల్ డిస్క్ చేతిలోకి వచ్చింది చాలా కాలం తర్వాత, అదీ విజయవాడలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు. అంటే రెండు పనులూ చేశాను. అందుకే "రెండిట్లోనూ డెవలపర్‌కి రూపాయి రాదు, తేడా ఏంటి?" అని ఎవరైనా అంటే ఊరుకోలేను. తేడా చాలా ఉంది.

సెకండ్ హ్యాండ్‌లో జరిగేది ఇదీ

ఆ డిస్క్‌కి ఎవరో ఒకరు ముందే డబ్బు కట్టారు. నాకు అమ్మాక అతని దగ్గర అది ఉండదు. ఒక డిస్క్, ఒకసారికి ఒకే ప్లేయర్. అమ్మగా వచ్చిన డబ్బుతో అతను ఇంకో కొత్త గేమ్ కొనొచ్చు కూడా.

నష్టం అసలు లేదని కాదు. కొత్తది కొనగలిగినవాళ్లు కూడా పాతది కొంటే ఆ అమ్మకం పోయినట్టే. అందుకే ఈఏ 2010లో ఆన్‌లైన్ పాస్ పెట్టింది, 2013లో తీసేసింది. అదే ఏడాది ఎక్స్‌బాక్స్ వన్‌లో పాత గేమ్‌ల మీద మైక్రోసాఫ్ట్ ఆంక్షలు పెట్టబోతే గేమర్లు గోల చేశారు. జూన్‌లోనే వెనక్కి తగ్గింది.

పైరసీ లెక్క వేరు

ఒక్క క్రాక్ చాలు, లక్ష కాపీలు పుడతాయి. 2013లో గ్రీన్‌హార్ట్ గేమ్స్ అనే చిన్న స్టూడియో తన 'గేమ్ దేవ్ టైకూన్' క్రాక్ వెర్షన్‌ని తానే టోరెంట్‌లో పెట్టింది. మొదటి రోజు ఆడినవాళ్లు 3,318 మంది, కొన్నవాళ్లు 214 మంది! ఆ వెర్షన్‌లో ప్లేయర్ నడిపే స్టూడియో పైరసీ వల్ల దివాలా తీస్తుంది. "మా గేమ్‌లు దొంగిలిస్తున్నారు, ఏం చేయాలి?" అని క్రాక్ ఆడేవాళ్లే అడగడం మొదలుపెట్టారు.

క్రాక్ ఆడినవాళ్లంతా కొనేవాళ్లేనా? కాదు. ఆ రోజుల్లో నా దగ్గరా డబ్బుల్లేవు. అయినా దెబ్బ నిజమే. డెనువో రక్షణ ఉన్న 86 గేమ్‌ల మీద 2024లో ఒక రీసెర్చ్ పేపర్ వచ్చింది. మొదటి వారంలోనే క్రాక్ వస్తే ఆదాయంలో సగటున 20 శాతం పోతుంది, 12 వారాలు దాటాక వస్తే నష్టం దాదాపు సున్నా. మా ఊళ్లో ఇది ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. సీజన్ మొదట్లో చిన్న రసాలకి ఉండే రేటు, వానలు పడ్డాక ఉండదు.

దెబ్బ తగిలేది మనవాళ్లకే

2009లో హైదరాబాద్‌లోని ఆరోనా 'హనుమాన్: బాయ్ వారియర్' అనే పీఎస్2 గేమ్ చేసింది. మా సెంటర్‌లో అది అడిగితే, మార్కర్‌తో రాసిన డిస్కే ఇచ్చారు. మనవాళ్లు నెలల తరబడి కష్టపడి చేసిన గేమ్ అని నాకు ఆ రోజు తట్టనే లేదు.

ఇప్పుడు తడుతోంది. ఇక్కడి ట్రిపుల్ ఐటీలో చదివే మా పిన్ని కొడుకు ఫ్రెండ్స్‌తో కలిసి 99 రూపాయల మొబైల్ గేమ్ చేశాడు. మూడో రోజుకే దాని మోడ్ ఏపీకే ఒక చాట్ గ్రూప్‌లో తిరిగింది. "సెకండ్ హ్యాండ్‌లో తిరిగినా సంతోషించేవాణ్ణి అన్నా. ఎవడో ఒకడు ముందు కొన్నట్టే కదా" అన్నాడు.

నా తీర్పు అదే. పైరసీయే ఎక్కువ ముంచుతుంది, అదీ చిన్న డెవలపర్లని, మొదటి వారాల్లో. కంపెనీలకీ ఒక మాట: డిస్క్‌లు తీసేసి అంతా డిజిటల్ చేస్తే, డబ్బుల్లేని కుర్రాడికి న్యాయంగా ఆడే దారి ఒకటి మూసుకుపోతుంది.

మనం మాత్రం సేల్ వచ్చేదాకా ఆగుదాం, పాత డిస్క్ కొందాం, ఫ్రెండ్ దగ్గర అడిగి తీసుకుందాం. కాయ రేటు ఎక్కువుంటే సీజన్ చివరిదాకా ఆగుతాం గానీ, కంచె దూకం కదా!