తుపాకి ఎవరి ఇంట్లో? శాంతి పాఠం ఎవరికి?

మొన్న కాచిగూడలో జిల్లాల నుంచి వచ్చిన కార్యకర్తలం కూర్చున్నాం. దాడుల మీద మాట నడుస్తుంటే నల్గొండ వైపు తమ్ముడొకడు లేచిండు. "అన్నా, ధైర్యం చెప్పుడు ఇగ చాలు. ఊళ్లె దొరింట్ల తుపాకి ఉన్నది. మా వాడల ఒక్కటి లేదు. మాకెందుకు లైసెన్సు ఇప్పియ్యరు?" అన్నాడు. కొందరు నవ్వారు. కొందరు కూర్చోమన్నారు. ఆ నవ్వు మాకు నచ్చలేదు. అందుకే ఇది రాస్తున్నాం.

ఆ మాట కాచిగూడలో అడగడం కూడా సబబే. 1948 ఆగస్టు 21 రాత్రి 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను రజాకార్లు చంపింది ఈ కాచిగూడలోనే. హైదరాబాదు సంస్థానం ఇండియాలో కలవాలనీ, రజాకార్లను రద్దు చేయాలనీ ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను ఆయన అచ్చువేశాడు. ఆఫీసు నుంచి ఇంటికి పోతుంటే కాల్చారు, రాసే చెయ్యి నరికారు. అడ్డుపడ్డ బావమరిది ఇస్మాయిల్ ఖాన్ చెయ్యి కూడా తెగింది. చంపినవాళ్లదీ చచ్చినవాడిదీ ఒకే మతం. తేడా ఎక్కడంటే, ఆయుధం ఒకరి దగ్గర, అడ్డుపడే గుండె ఇంకొకరి దగ్గర. ఈ రెండూ ఒక్కచోట ఉండకుండా చూడటమే పెత్తందార్లు తరతరాలుగా చేస్తున్న పని. ఈ దేశంలో అడుగు కులాలు ఎందుకు తిరగబడలేదంటే, చదువుతో పాటు ఆయుధం కూడా వాళ్ల చేతికి అందనివ్వలేదు కాబట్టే అని బాబాసాహెబ్ 'కుల నిర్మూలన'లో 1936లోనే చెప్పాడు.

అడ్డుపడే గుండె మన వాడల్లో లేదా? కారంచేడును తలుచుకోండి. 1985 జులై 16. మాదిగలు తాగే చెరువు నీళ్లు ఖరాబు చెయ్యొద్దన్న కుర్రవాణ్ని కమ్మ యువకులు కొట్టారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త ఊరుకోలేదు, మధ్యలోకి వెళ్లింది. ఆమె మీదికీ వస్తే చేతిలో బిందె ఎత్తింది. ఆమెకున్న ఆయుధం ఆ బిందె. ఎవరినీ చంపలేదు, వెంటపడి కొట్టలేదు, మీద పడే దెబ్బను ఆపుకుంది. తెల్లారి జులై 17న ఊరి పెత్తందార్లు గొడ్డళ్లు, బరిసెలతో పడి ఆరుగురిని చంపారు. బిందెకు బదులు అది!

చుండూరు సంగతి సరేసరి. 1991 ఆగస్టు 6న పోలీసులు ఊళ్లో ఉండగానే, తుపాకులు వాళ్ల భుజాన ఉండగానే, ఎనిమిది మందిని పొలాల్లో నరికారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది.

ఇప్పుడు చట్టం దగ్గరకు వద్దాం. అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, దాని నియమాలు 1995 మార్చి 31న వచ్చాయి. మూడో నియమం చదవండి, చదువు రానివాళ్లకు చదివి వినిపించండి. దాడి జరగొచ్చని అనుమానమున్న చోట దళితులు, ఆదివాసులు కానివాళ్ల ఆయుధాల లైసెన్సులు రద్దు చేసి ఆ ఆయుధాలు సర్కారు ఆయుధాగారంలో పెట్టించాలి. వాళ్లవే కాదు, వాళ్ల దగ్గరి చుట్టాలవి, నౌకర్లవి, కుటుంబ స్నేహితులవి కూడా. (ఈ మాటలు రాసినాయనకు ఊరు బాగా తెలుసు!) దొంగ తుపాకులు పట్టుకోవాలి. అవసరమనుకుంటే దళితులకు, ఆదివాసులకు ఆయుధాల లైసెన్సులు ఇవ్వొచ్చు. మేం కల్పించిన మాట కాదిది, సర్కారు గెజిట్‌లో అచ్చయిన మాట. మీ జిల్లాలో ఎన్ని రద్దు చేశారో, ఎన్ని ఇచ్చారో కలెక్టరును ఎవరైనా అడిగారా?

మామూలు దారిలో లైసెన్సు కోసం పోతే ఏమవుతుందో కూడా చూడండి. 1959 ఆయుధాల చట్టం పంట కాపాడుకోవడానికి నాటు తుపాకి ఇవ్వమంటుంది. పంట ఎవరికి ఉంది? భూమి ఉన్నవాడికి. కూలికి పోయేవాడు ఏ చేను చూపాలి? ప్రాణభయం ఉందంటే పోలీసు రిపోర్టు కావాలి. ఆ రిపోర్టు రాసేది ఎవరి అరుగు మీద కూర్చుని టీ తాగే ఎస్సై?

పైగా దాడి జరిగిన మర్నాడు ఎమ్మార్వో వస్తాడు, డీఎస్పీ వస్తాడు, శాంతి కమిటీ అంటారు. "మీరు శాంతంగా ఉండండి" అని చెప్పేది ఎవరికి? తల పగిలినవాడికి. పగలగొట్టినవాడి దగ్గర టిఫిను చేసి వచ్చి మనకు శాంతి బోధిస్తారు. ఈ శాంతాన్ని మేం ఒప్పుకోం. ఇది నోరు కుట్టడం.

మరి మేం ఒప్పుకునే శాంతం వేరే ఉంది. అమెరికాలో ఓక్లాండ్ అనే ఊరుంది. 1966 అక్టోబరులో హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ అనే నల్ల యువకులు అక్కడ బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టారు. మన దళిత పాంథర్లు 1972లో బొంబాయిలో ఆ పేరు తీసుకున్నది వీళ్ల నుంచే. ఆ రోజుల్లో అక్కడ తుపాకి పైకి కనబడేట్టు పట్టుకుని తిరగడం నేరం కాదు. వీళ్లు రాత్రిళ్లు పోలీసు బండి వెనకాల తిరిగేవాళ్లు. రోడ్డు మీద ఒక నల్ల మనిషిని పోలీసులు ఆపితే చాలు, దిగేవాళ్లు. ఆ మనిషి ఎవరో వీళ్లకు తెలియదు. చట్టం చెప్పినంత దూరంలో నిలబడి, తుపాకి ఎవరి మీదికీ గురిపెట్టకుండా, పోలీసు చేసేది చూసేవాళ్లు. ఒక చేతిలో తుపాకి, ఇంకో చేతిలో చట్టం పుస్తకం. న్యూటన్ గట్టిగా సెక్షన్లు చదివేవాడు, నీ హక్కు ఇదీ అని ఆ మనిషికి చెప్పేవాడు. ఆ నెమ్మదికే పోలీసులకు చెమట పట్టింది. కేకలేస్తే, ఒక్క గుండు పేలిస్తే వాళ్లకు పని సులువయ్యేది. అట్లా జరగకపోయేసరికి ఏం చేశారు? చట్టాన్నే మార్చారు. 1967లో మల్ఫోర్డ్ చట్టం తెచ్చి, నింపిన తుపాకి బహిరంగంగా పట్టుకోవడం నేరం చేశారు. సంతకం పెట్టింది అప్పటి గవర్నర్, తర్వాత దేశాధ్యక్షుడైన రోనాల్డ్ రీగన్. ఆ తర్వాత పాంథర్లు కాల్పుల్లో, కేసుల్లో, ప్రభుత్వ గూఢచారుల కుట్రల్లో నలిగిపోయారు. అదీ దాచం. తుపాకి ముందుకొచ్చి పుస్తకం వెనక్కి పోయినచోట నష్టం మనదే.

మన దగ్గరా చట్టం ఉంది. పాత శిక్షాస్మృతి 97వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 35వ సెక్షన్. నీ ఒంటినే కాదు, ఇంకెవరి ఒంటినైనా దాడి నుంచి కాపాడే హక్కు నీకుంది. నీ కులపోడే కానక్కరలేదు, నీకు తెలిసినోడే కానక్కరలేదు. అయితే కాపాడటానికి ఎంత కావాలో అంతే. పారిపోతున్నవాడి వీపు మీద దెబ్బ పడిందా, ఆత్మరక్షణ పోయింది, కౌంటర్ కేసు వచ్చింది. మన కేసు మూలన పడుతుంది, వాళ్ల కేసులో నువ్వు ఏ-వన్ అవుతావు. పల్లెల్లో రాజీలు ఎక్కువ కుదిరేది ఈ కౌంటర్ కేసుల భయంతోనే.

కాబట్టి నల్గొండ తమ్ముడికి మా జవాబు ఇది. అడుగుదాం. ముందు దొర తుపాకి జమ చేయించమని అడుగుదాం, తర్వాత మన లైసెన్సు అడుగుదాం. వస్తే ఎవరి చేతికి? మీసం తిప్పేవాడికి, తాగి ఊరేగేవాడికి వద్దే వద్దు. మిలిటరీలో చేసి వచ్చినవాళ్లు మన వాడల్లో ఉన్నారు. కేక వినబడితే ముందు పడ్డ మనిషిని లేపి, దవాఖానకు బండి కట్టించి, ఆ తర్వాత కొట్టినవాడి వైపు చూసేవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, మా అనుభవంలో. పడ్డవాడు మాలా మాదిగా అని అడిగేవాడికైతే కర్ర కూడా ఇవ్వొద్దు.

అర్జీ మూడు నకళ్లు రాయండి. ఒకటి కలెక్టరుకు, ఒకటి ఎస్పీకి, ఒకటి మీ దగ్గర. మూడో నియమం పేరు, 1995 సంవత్సరం తప్పకుండా రాయండి. రసీదు తీసుకోకుండా ఆఫీసు మెట్లు దిగొద్దు. రసీదు నంబరు మాకు పంపండి, వచ్చే సంచికల్లో ఊరి పేరుతో సహా వేస్తాం.