ఆయుధపూజతో గురి కుదురుతుందా?

2016 అక్టోబరు 11న, సరిగ్గా దసరా రోజున, జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు పుట్టాయి. ఈ జిల్లాల్లోనూ దసరా వస్తే పోలీసు ఆయుధాగారాల్లో రైఫిళ్లను బల్ల మీద వరసగా పేర్చి, పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొడతారు. ఇంట్లో ఎవరు దేనికి మొక్కుకున్నా అది వాళ్ల ఇష్టం. ప్రభుత్వ ఆయుధాగారం సంగతి వేరు. శాస్త్రీయ దృష్టిని పెంచడం ప్రతి పౌరుడి విధి అని రాజ్యాంగంలోని 51ఏ అధికరణ చెబుతోంది. 1976లో 42వ సవరణతో చేరిన ఆ మాట యూనిఫాం వేసుకున్న పౌరుడికి కూడా వర్తిస్తుంది.

పూజ చేస్తే ఆయుధం మాట వింటుందన్న నమ్మకం పక్కనే ఇంకొకటి ఉంది: తూటా ఎంత లావైతే దెబ్బ అంత సూటిగా పడుతుందని. ఇది ఇక్కడ ఎందుకు నాటుకుందో అర్థం చేసుకోవచ్చు. 1978 సెప్టెంబరు 7న దొరలకు వ్యతిరేకంగా రైతు కూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఊళ్లలోకి పోలీసు క్యాంపులు వచ్చాయి. అప్పటి పోలీసు భుజాన ఎక్కువగా కనిపించింది త్రీ నాట్ త్రీ రైఫిల్. ఎస్సెల్లార్, ఏకే, ఇన్సాస్ రైఫిళ్లు ఆ తర్వాత వచ్చాయి. మొదట చూసిన భయమే ఆ తుపాకికి గురి తప్పదన్న పేరు తెచ్చింది. తగిలిన దెబ్బను ఊరంతా చెప్పుకుంటుంది, గోడకు తగిలినదాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. మొక్కు ఫలించిందని చెప్పేవాళ్ల లెక్క కూడా ఇలాగే ఉంటుంది.

గొట్టం లావుకూ గురికీ నేరుగా సంబంధం లేదు. పోటీల్లో వాడే ఎయిర్ రైఫిల్ గుండు 4.5 మిల్లీమీటర్లే. 10 మీటర్ల దూరంలో కాల్చే ఆ టార్గెట్ మీద పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. హైదరాబాద్ వాసి గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఆ తుపాకితోనే. మరోవైపు ఎస్సెల్లార్, ఏకే-47 రెండింటి కొలతా 7.62 మిల్లీమీటర్లనే రాస్తారు. కానీ ఎస్సెల్లార్ గుండు బరువైనది, సెకనుకు సుమారు 840 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. ఏకే గుండు వేగం 715 దగ్గరే ఉంటుంది. అంకె ఒకటే అయినా దూరం పెరిగేకొద్దీ రెండూ వేర్వేరు దారులు పడతాయి.

మరి గురి దేనివల్ల వస్తుంది? గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి. లీ ఎన్‌ఫీల్డ్ త్రీ నాట్ త్రీలో మామూలుగా ఐదు గాడులు, ఎడమవైపు మెలి, పది అంగుళాలకు ఒక చుట్టు. ఆ గాడులు గుండును గిర్రున తిప్పుతాయి. తిరిగే బొంగరం పడిపోనట్టే తిరిగే గుండు పల్టీ కొట్టదు. మెలి ఎంత ఉండాలన్నది ముఖ్యంగా గుండు పొడవును బట్టి ఉంటుంది. పొడవాటి గుండుకు మెలి చాలకపోతే ఏ కొలత తుపాకి అయినా చెదరగొడుతుంది. గొట్టం మూతి అంచు చిన్నగా చితికినా, కాల్చి కాల్చి గొట్టం వేడెక్కినా, తూటాల్లో మందు ఎక్కువ తక్కువలుగా ఉన్నా గుండ్లు ఒకచోట పడవు. గొట్టంలో నూనె తడి మిగిలితే తొలి గుండు వేరేచోట పడవచ్చని షూటర్లకు తెలుసు. గాలి సంగతి చూస్తే, దూరం పెరిగాక ఇన్సాస్ 5.56 గుండును గాలి పక్కకు నెట్టినంతగా ఎస్సెల్లార్ గుండును నెట్టలేదు. కానీ ఇన్సాస్ భుజాన్ని తక్కువగా తంతుంది, కానిస్టేబుల్ కళ్లు మూసుకోకుండా ట్రిగ్గర్ నొక్కగలడు. దగ్గరి దూరంలో ఈ రెండోదే ఎక్కువ పనికొస్తుంది.

గొట్టాలను పోల్చేవాళ్లు కూడా తమను తాము మోసం చేసుకుంటారు. మూడు దెబ్బలు దగ్గర దగ్గరగా పడితే "ఇది బంగారం" అంటారు. మూడు దెబ్బల గుంపు సగటున 24 మిల్లీమీటర్లు వచ్చే తుపాకి పది దెబ్బలు కాలిస్తే 38 దాకా పరుచుకుంటుంది. తుపాకి చెడిపోయి కాదు, లెక్కే అంత. మూడుతో తీర్పు చెప్పడం, ముగ్గురు రోగులు కోలుకున్నారని తాయెత్తును మెచ్చుకోవడం ఒకే రకం పొరపాటు.

జగిత్యాల జిల్లా కోరుట్ల బజారు లాంటి ఇరుకు చోట గురి తప్పిన గుండు దారిన పోయేవాడిని చంపుతుంది. అందుకే ఆయుధపూజను ఆచారం కదా అని వదిలేయలేను. జగిత్యాల, సిరిసిల్ల ఆయుధాగారాలు ఒక పరీక్ష పెట్టాలి. ఒకే రకం రైఫిళ్లు పది, ఒకే లాటు తూటాలు, 100 మీటర్లు, ఇసుక సంచి ఆనింపు, ఒక్కోదానితో ఒకే మనిషి పదేసి దెబ్బలు. తర్వాత చీటీలు వేసి ఐదింటికి పూజ చేయాలి, ఐదింటిని వదిలేయాలి. కుంకుమ తుడిచి, పదింటినీ ఒకేలా శుభ్రం చేసి, ఏది ఏదో చెప్పకుండా అదే మనిషితో మళ్లీ కాల్పించాలి. కొలతలు ఎలా వచ్చినా ఆ టార్గెట్ కాగితాలను ఆఫీసు గోడకు అంటించాలి.